19వ శతాబ్దపు యుద్ధ ఫోటో నిగ్గు తేల్చడం ఎలా? మెట్టుమెట్టుగా సమగ్ర మార్గదర్శి

"1857 తిరుగుబాటు నాటి అరుదైన ఫోటో" అంటూ వాట్సాప్‌లో ఒక బొమ్మ వస్తుంది. అసలుదా, నకిలీదా అని అడిగేవాళ్లు చాలామంది. ఆ ఒక్క ప్రశ్నతో ఈ పని తెమలదు. ఫోటో అసలుదే అయినా దాని కింద రాసిన పేరు తప్పు కావచ్చు. పేరూ ఊరూ సరిగ్గానే ఉన్నా, శవాన్ని పక్కకు జరిపి మరీ తీసిన ఫోటో కావచ్చు.

కాబట్టి ప్రశ్నను ముందే నాలుగు ముక్కలు చేసుకోండి. ఒకదాని జవాబు ఇంకోదానికి అంటగట్టకండి.

- ఇది ఒకే నెగటివ్ నుంచి వచ్చిన ఫోటోనా, పెయింటింగా, రెండు మూడు ఫోటోల అతుకా?
- ఎప్పుడు, ఎక్కడ తీసింది?
- ఎవరు తీసింది?
- కెమెరా ముందున్నది ఉన్నదున్నట్టు తీసిందా, సర్ది పెట్టి తీసిందా?

కింది మెట్లను ఇదే వరసలో చెయ్యండి. తక్కువ శ్రమతో తేలేవి ముందు పెట్టాం. చాలా వైరల్ బొమ్మలు రెండో మెట్టు దాటవు.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

పెద్ద ఫైలు. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ మీద పరిశీలన మొదలుపెట్టొద్దు. కుదించినప్పుడు చిన్న రాళ్లు, బొత్తాలు, అంచుల మీది గీతలు మాయమవుతాయి. మనకు కావలసినవి అవే.

అమెరికా అంతర్యుద్ధం (1861–65) ఫోటోలైతే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో గాజు నెగటివ్‌ల స్కాన్లు టిఫ్ (వివరం పోకుండా దాచే పెద్ద) ఫైళ్లుగా ఉచితంగా దొరుకుతాయి. రష్యాతో బ్రిటన్, ఫ్రాన్స్ చేసిన క్రిమియా యుద్ధంలో (1853–56) బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ రోజర్ ఫెంటన్ తీసిన ఫోటోల ప్రింట్లు 263 అక్కడే ఉన్నాయి. లక్నో, చైనాల్లో యుద్ధ ఫోటోగ్రాఫర్ ఫెలిస్ బియాటో తీసినవాటికి గెట్టీ మ్యూజియం, బ్రౌన్ యూనివర్సిటీ సేకరణలు చూడండి.

వెతుకులాట. బొమ్మ ఇస్తే దాని ప్రతులు వెతికే (రివర్స్ సెర్చ్) సాధనాలు గూగుల్ లెన్స్, టిన్‌ఐ రెండింట్లోనూ వెతకండి. టిన్‌ఐలో ఫలితాలను పాతవి ముందు వచ్చేలా పెట్టుకోవచ్చు. ఒక్కో బొమ్మకు మూడుసార్లు వెతకాలి: ఉన్నది ఉన్నట్టు, కింది రాతను కత్తిరించి, ఎడమ కుడి తిప్పి. మూడోది చాలామంది వదిలేస్తారు. పాత ఫోటోలు తిరగేసి అచ్చయిన సందర్భాలు బోలెడు.

నోట్సు. దొరికిన ఒక్కో ప్రతికీ ఒక వరుస రాసుకోండి: ఎక్కడ దొరికింది, రికార్డు నంబరు, అక్కడ ఇచ్చిన తేదీ, అక్కడి వివరణ మాట మారకుండా.

వస్తువే చేతిలో ఉంటే: పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, చిన్న టార్చి, చిన్న అయస్కాంతం, మిల్లీమీటర్ల స్కేలు, నైట్రైల్ గ్లవ్స్. నూలు గ్లవ్స్ వద్దు, గాజు జారిపోతుంది.

## 2. మొదటి జల్లెడ: ఆ తేదీకి కెమెరా ఉందా?

ఈ కాలరేఖ ఒక చీటీ మీద రాసి దగ్గర పెట్టుకోండి.

- 1839కి ముందు: మనిషి ముఖం పోల్చుకోగల ఫోటో ఉండే వీల్లేదు.
- 1840లు: డాగెరోటైప్ (వెండిపూత రాగిరేకు, ఒక్కటే ప్రతి), కాగితపు నెగటివ్. 1846–48 అమెరికా–మెక్సికో యుద్ధం డాగెరోటైప్‌లు ఈ కాలానివే. రెండో సిక్కు యుద్ధ కాలంలో బెంగాల్ సైన్యపు వైద్యుడు జాన్ మెకాష్ కాగితపు నెగటివ్‌లతో తీశాడు.
- 1851 నుంచి: ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ గాజు పలక (కొలోడియన్ అనే జిగట ద్రవం పూసి, తడిగా ఉండగానే వాడేది; కింద 'తడి పలక' అంటే ఇదే). క్రిమియా, లక్నో, అమెరికా అంతర్యుద్ధం ఫోటోల్లో అత్యధికం దీనితో తీసినవే.
- 1880 ప్రాంతం నుంచి: ముందే తయారుచేసి అమ్మే పొడి పలకలు. పత్రికల్లో ఫోటోను నేరుగా చుక్కలుగా అచ్చు వేయడం కూడా ఈ దశాబ్దంలోనే మొదలైంది.

ఇప్పుడు మూడు వైరల్ బొమ్మల్ని ఈ జల్లెడలో వేద్దాం.

*"టిప్పు సుల్తాన్ అసలు ఫోటో".* టిప్పు చనిపోయింది 1799లో. విషయం అక్కడే తేలిపోయింది. ఆ పేరుతో తిరిగే ఫోటోలో ఉన్నది జాంజిబార్ బానిస వ్యాపారి టిప్పు టిప్.

*"1850లో హాఫ్‌మన్ తీసిన ఝాన్సీ రాణి ఫోటో".* రాణి 1858 జూన్‌లో వీరమరణం పొందారు. కలకత్తాలో జాన్‌స్టన్ అండ్ హాఫ్‌మన్ స్టూడియో 1880లలో మొదలైంది. మనిషి తేదీ, కెమెరా తేదీ సరిపోయినా స్టూడియో తేదీ సరిపోవాలిగా! స్టూడియో పేరు కనిపిస్తే అది ఎప్పుడు తెరిచారో చూడకుండా ముందుకు వెళ్లకండి.

*"తిరుగుబాటుదారుల్ని ఫిరంగులకు కట్టి పేలుస్తున్న 1857 ఫోటో".* ఆ శిక్ష నిజంగానే అమలైంది. కానీ ఎక్కువగా తిరిగే ఆ బొమ్మ రష్యా చిత్రకారుడు వెరెష్చాగిన్ 1880లలో వేసిన పెయింటింగ్. దాని నలుపు తెలుపు నకళ్లు ఫోటోలా కనిపించి మోసం చేస్తాయి. జరిగిన ఘటన నిజం కాబట్టి బొమ్మ కూడా ఫోటోయే అనుకోవడం ఈ రంగంలో అందరికంటే ఎక్కువమంది చేసే పొరపాటు.

## 3. రెండో జల్లెడ: తడి పలకకు చేతకానివి

అప్పటి పద్ధతి తెలిస్తే ఈ మెట్టు తేలిక. గాజు పలక మీద కొలోడియన్ పోసి, నాలుగు మూలలకూ పారించి, మిగిలింది ఒక మూల నుంచి సీసాలోకి వంపేవారు. తర్వాత చీకట్లో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో మూడు నుంచి ఐదు నిమిషాలు ముంచేవారు. పలక తడి ఆరకముందే ఫోటో తీయాలి, వెంటనే డెవలప్ చెయ్యాలి. మామూలు వాతావరణంలో పది పదిహేను నిమిషాల వ్యవధి, మన ఎండల్లాంటి చోట అంతకంటే తక్కువ. కొలోడియన్‌లోని ఈథర్ 35 డిగ్రీల లోపే మరుగుతుంది మరి. అందుకే చీకటి గదిని బండి మీద వెంట తీసుకెళ్లేవారు. ఫెంటన్ బండి ఒకప్పుడు వైన్ వ్యాపారిది.

దీన్నుంచి పరీక్షలు ఇలా పుడతాయి.

కదలిక. ఎక్స్‌పోజర్ (పలక మీద వెలుగు పడనిచ్చే సమయం) సెకన్లలో ఉంటుంది. తడి పలక కాలానిదన్న బొమ్మలో పరుగెత్తే గుర్రం, గాల్లో కత్తి, తుపాకీ మంట స్పష్టంగా ఉంటే అది పెయింటింగో, సినిమా దృశ్యమో, ఇప్పుడు తయారైందో అయ్యుండాలి. గుర్రాల తోకలు, జెండాలు, చెట్ల కొమ్మలు అలికినట్టు ఉండాలి. మినహాయింపులున్నాయి: 1863 సెప్టెంబర్‌లో చార్ల్స్‌టన్ రేవులో ఇనుప కవచపు నౌకలు ఫిరంగులు పేలుస్తుండగా జార్జ్ కుక్ తీసిన ఫోటో ఒకటి. ఎండ పడ్డ సముద్రం, చాలా దూరం. అలాంటి చోట తక్కువ ఎక్స్‌పోజర్ సరిపోతుంది.

ఆకాశం. తడి పలకకు నీలం రంగు మీద మోజెక్కువ. నేల సరిగ్గా వచ్చేసరికి ఆకాశం తెల్లగా మాడిపోతుంది. నల్లటి మేఘాల కింద యుద్ధభూమి కనిపిస్తే, రెండో నెగటివ్‌తో మేఘాలు కలిపారా, తర్వాత దిద్దారా అని అనుమానించండి.

రంగులు. నీలం పాలిపోయి, ఎరుపు పసుపు నల్లబడి వస్తాయి. బ్రిటిష్ సైనికుడి ఎర్రకోటు దాదాపు నల్లగా ఉంటుంది. ఏఐతో రంగులద్దిన ప్రతుల్లో అదే కోటు ముదురు నీలంగానో గోధుమగానో మారుతుంది. రంగు ప్రతిని చూసి యూనిఫాం గుర్తుపట్టడానికి ప్రయత్నించకండి. నలుపు తెలుపు ప్రతి దొరికేదాకా ఆగండి.

అంచులు. పూర్తి నెగటివ్ స్కాన్‌లో ఒక మూల వేలు పట్టుకున్న చోట పూత ఉండదు. ఒక అంచున కొలోడియన్ దళసరిగా పారిన జాడ, దుమ్ము పడ్డ చోట తోకచుక్కల్లాంటి గీతలు ఉంటాయి. యాప్‌తో పాతబడినట్టు చేసిన బొమ్మలో గీతలు ముఖం మీదా ఆకాశం మీదా ఒకే దళసరిలో, ఒకే తీరుగా ఉంటాయి. నిజమైన లోపం ఎక్కణ్నుంచో మొదలై ఒక దిక్కుకు పోతుంది.

## 4. వస్తువు చేతిలో ఉంటే

- అద్దంలా మెరిసి, వంచితే నెగటివ్‌లా మారితే: డాగెరోటైప్. ముఖాన్ని పొరపాటున కూడా తుడవొద్దు. బొమ్మ మొత్తం ఊడి వస్తుంది.
- అయస్కాంతం అంటుకుంటే: టిన్‌టైప్ (పలచని ఇనుప రేకు మీది ఫోటో). 1856 తర్వాతిది. పెట్టెలో ఉంటే పైనుంచే పరీక్షించండి.
- గాజు, వెనక నలుపు: ఆంబ్రోటైప్.
- పలచని కాగితం అట్టకు అంటించి, తెలుపు భాగాలు పసుపెక్కి, భూతద్దంలో కాగితం నార కనిపిస్తే: గుడ్డు తెల్లసొనతో చేసే ఆల్బ్యుమెన్ ప్రింట్.
- భూతద్దంలో వరుస చుక్కలు: పుస్తకంలోనో పత్రికలోనో అచ్చయిన బొమ్మ. ఫోటో అసలుదే కావచ్చు, మీ చేతిలో ఉన్నది మాత్రం కాదు.

మొదటి మూడింట్లో ఎడమ కుడి తారుమారవుతుంది. అమెరికా సైనికుడి నడుం పట్టా బిళ్ల మీద 'యు ఎస్'లో ఎస్ ముందుకొచ్చి, అదీ తిరగబడి కనిపిస్తే కంగారు పడకండి. అసలుదే అనడానికి అదొక ఆధారం. సైనికుడు ఎడమచేతివాటం అని రాసేముందు బొత్తాల వైపు కూడా చూసుకోండి.

సుమారు 64 × 100 మిల్లీమీటర్ల అట్ట అయితే కార్ట్ డి విజిట్ (చిన్న ఫోటో కార్డు). 108 × 165 అయితే క్యాబినెట్ కార్డు, అది 1860ల మధ్య నుంచే. అమెరికా కార్డు వెనక రెవెన్యూ స్టాంపు ఉంటే పండగే: ఫోటోల మీద ఆ పన్ను 1864 సెప్టెంబర్ 1 నుంచి 1866 ఆగస్టు 1 వరకే ఉంది. అయితే అది కార్డు అమ్మిన కాలం మాత్రమే. నెగటివ్ అంతకు ముందెప్పుడో తీసిందై ఉండొచ్చు.

## 5. వివరణను విడగొట్టడం

కింద రాసిన వాక్యాన్ని ముక్కలు చేసి ఒక్కోటి విడిగా పరీక్షించండి.

యుద్ధం తేదీ వేరు, ఫోటో తేదీ వేరు. యాంటీటమ్ యుద్ధం 1862 సెప్టెంబర్ 17న జరిగింది. ఫోటోగ్రాఫర్ అలెగ్జాండర్ గార్డ్‌నర్ శవాల ఫోటోలు తీయడం మొదలుపెట్టింది ఆ తర్వాత రెండు రోజులకు. గెటీస్‌బర్గ్ పోరు 1863 జూలై 3తో ముగిస్తే ఆయన బృందం చేరింది 5న. లక్నో సికందర్ బాగ్‌లో తిరుగుబాటు సిపాయిల ఊచకోత 1857 నవంబర్‌లో. బియాటో అక్కడ ఫోటో తీసింది 1858 వసంతంలో. అంటే ముంగిట్లో చెల్లాచెదురుగా కనిపించే ఎముకలు నెలల నాటివి. వాటిని మళ్లీ బయటపెట్టించి తీశాడని అప్పటి బ్రిటిష్ అధికారి ఒకరు రాసుకున్నారు. దీన్ని "పోరు ముగిసిన క్షణం" అని రాస్తే పప్పులో కాలేసినట్టే.

స్టూడియో పేరు వేరు, తీసిన మనిషి వేరు. అంతర్యుద్ధం ఫోటోలన్నిటినీ స్టూడియో యజమాని మాథ్యూ బ్రేడీ ఖాతాలో వెయ్యడం అలవాటైపోయింది. యాంటీటమ్ శవాల ఫోటోలు న్యూయార్క్‌లో ప్రదర్శించింది బ్రేడీ గ్యాలరీ, తీసింది గార్డ్‌నర్, జేమ్స్ గిబ్సన్. తర్వాత సొంతంగా పుస్తకం వేసినప్పుడు గార్డ్‌నర్ నెగటివ్ ఎవరిదో, ప్రింట్ ఎవరిదో విడివిడిగా రాశాడు. ఆయన బృందంలోని ఫోటోగ్రాఫర్ తిమోతి ఒసల్లివన్ పేరు మనకు దక్కింది అలాగే. నోట్సులో "స్టూడియో", "తీసినది", "ప్రచురించినది" అని మూడు గళ్లు పెట్టుకోండి.

చోటు పేరు. ఫెంటన్ తీసిన 'వ్యాలీ ఆఫ్ ది షాడో ఆఫ్ డెత్'ను బ్రిటిష్ అశ్వికదళం లైట్ బ్రిగేడ్ దాడి (టెన్నిసన్ కవితతో పేరుకెక్కింది) జరిగిన లోయ అని రాసేవారికి లెక్కలేదు. అది వేరే లోయ. కవిత్వంలో వినిపించిన పేరు, సైనికులు పెట్టుకున్న పేరు కలిసిపోయాయంతే.

పత్రిక బొమ్మ. 1862 నాటి హార్పర్స్ వీక్లీలో కనిపించేవి ఫోటోలు కావు, ఫోటో చూసి చెక్క మీద చెక్కిన బొమ్మలు. చెక్కేవాడు మనుషుల్ని చేర్చవచ్చు, తీసేయవచ్చు.

## 6. సర్ది తీశారా? తోబుట్టువులను వెతకండి

ఒక్క ఫోటోను ఎంతసేపు చూసినా సర్దారో లేదో తేలదు. అదే చోట తీసిన రెండో ఫోటో కావాలి. ఈ మెట్టుకు ఎక్కువ సమయం కేటాయించండి.

చేసే తీరు:

1. అదే ఫోటోగ్రాఫర్, అదే చోటు, అదే వారంలో తీసినవన్నీ దించుకోండి. పేరు వేరుగా ఉన్నా వదలొద్దు.
2. జింప్‌లో (ఉచితంగా దొరికే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) రెండింటినీ రెండు పొరలుగా తెరవండి. పైదాన్ని సగం పారదర్శకం చెయ్యండి.
3. కదలని పెద్దవాటిని ఒకదానిమీద ఒకటి కూర్చండి: కొండ అంచు, బండరాయి, గోడ మూల. మనుషుల్ని, చెట్లను ఆధారం చేసుకోవద్దు.
4. పై పొరను వెలిగిస్తూ ఆర్పుతూ చూడండి. మారినవి కంటికి దూకుతాయి.
5. మారిన ప్రతిదానికీ పక్కన రాయండి: ఏది మారింది, ఎటు, ఎవరైనా కావాలని చేసే పనా, దానంతట అది జరిగేదా.

ఫెంటన్ గుండ్లు. 1855 ఏప్రిల్‌లో ఒకే చోట కెమెరా కదపకుండా తీసినట్టున్న ఫోటోలు రెండు. ఒకదాంట్లో ఫిరంగి గుండ్లు పక్క కాలువలో ఉన్నాయి, దారి ఖాళీ. రెండోదాంట్లో దారినిండా గుండ్లు. ఏది ముందు? నీడలను బట్టి చెప్పబోయినవాళ్లు ఒక మాట మీద నిలవలేదు. దర్శకుడు ఎరోల్ మారిస్ పరిశోధనలో తేల్చినవి గుండ్లు కాదు, పక్క వాలు మీదున్న చిన్న చిన్న రాళ్లు. దారి ఖాళీగా ఉన్న ఫోటోలో అవి కాస్త పైన, గుండ్లున్న ఫోటోలో కాస్త కింద ఉన్నాయి. అక్కడ తిరిగినవారి కాళ్లు తగిలి రాళ్లు కిందికి దొర్లాయి. ఎవరూ వాటిని పనిగట్టుకుని పైకి పేర్చరు. కాబట్టి ఖాళీ దారి ముందు, గుండ్ల దారి తర్వాత.

మెళకువ ఇక్కడే ఉంది. సర్దేవాడు గుండు మీద మనసు పెడతాడు, గులకరాయి మీద పెట్టడు. మీరు గులకరాయి చూడాలి. అలాగని "ఫెంటనే గుండ్లు పేర్చాడు" అని రాయకండి. వరస మాత్రమే తేలింది. ఎవరి చేతులో ఈ రాళ్లు చెప్పవు.

డెవిల్స్ డెన్ సైనికుడు. గెటీస్‌బర్గ్‌లో రెండు బండల మధ్య రాతిగోడ వెనక పడి ఉన్న కాన్ఫెడరేట్ (దక్షిణ రాష్ట్రాల) సైనికుడు, గోడకు ఆనించిన తుపాకీ. గార్డ్‌నర్ 1866 పుస్తకంలో ఇతను షార్ప్‌షూటర్ (దూరం నుంచి గురిచూసి కాల్చేవాడు) అని రాశాడు. చరిత్రకారుడు విలియం ఫ్రాసానిటో 1970లలో ఆ వారం ఫోటోలన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. అదే ముఖం, అదే దుస్తులు, దిగువన ఉన్న వాలు మీద వేరే ఫోటోల్లో కనిపించాయి. ఒకదాంట్లో శరీరం కింద దుప్పటి ఉంది. శవాన్ని మొయ్యడానికి అది పనికొస్తుంది. తుపాకీ కూడా షార్ప్‌షూటర్లు వాడే రకం కాదు.

ఇందులో నేర్చుకోవాల్సిన వరస: ముందు ముఖం, తర్వాత బట్టల ముడతలు, తర్వాత చేతులున్న తీరు, చివర ఆయుధం. ఆయుధంతో మొదలుపెడితే దారి తప్పుతారు. అది ఎవరి చేతికైనా మారే వస్తువు.

## 7. అతుకు పరీక్ష

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోనే ఉన్న "సిటీ పాయింట్ వద్ద జనరల్ గ్రాంట్" చూడండి. గుర్రం మీద అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని, వెనక సైన్యం, చూడటానికి దివ్యంగా ఉంటుంది. అది 1902 ప్రాంతంలో మూడు నెగటివ్‌లు కలిపి చేసింది. తల కోల్డ్ హార్బర్‌లో తీసిన గ్రాంట్ చిత్రానిది, ఒళ్లూ గుర్రమూ జనరల్ మెక్‌కుక్‌వి, వెనకున్నవాళ్లు ఫిషర్స్ హిల్ దగ్గర పట్టుబడ్డ ఖైదీలు. ఏ సంస్థలో ఉందన్నదాన్ని బట్టి నమ్మకూడదు. ఆ సంస్థ రికార్డులో ఏం రాసిందో చదవాలి. ఇది అతుకేనని అక్కడ స్పష్టంగా ఉంది.

చూడాల్సినవి:

- మెడ దగ్గర తల తిరిగిన కోణం, భుజాల కోణం పొసుగుతున్నాయా?
- ముఖం మీద వెలుగు వచ్చే వైపు, గుర్రం మీద వచ్చే వైపు ఒకటేనా?
- భుజం మీది హోదా గుర్తు ఆ మనిషి ఆ తేదీకి ఉన్న హోదాకు సరిపోతుందా?
- గుర్రం అతని గుర్రమేనా? కాళ్ల మీది తెల్లమచ్చలు చూడండి.
- కాపీరైట్ ఏడాది ఎంత? యుద్ధం ముగిసిన దశాబ్దాలకు పడిన ముద్ర హెచ్చరిక లాంటిది.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

రివర్స్ సెర్చ్‌లో పది సైట్లు ఒకే మాట చెప్పాయి. అవి ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి. వివరణలో ఒకే అచ్చుతప్పు ఉందేమో చూడండి. ఉంటే పదీ కలిపి ఒక్క సాక్షి.

సర్ది తీసింది కాబట్టి నకిలీ అనేయడం. డెవిల్స్ డెన్‌లో చనిపోయిన మనిషి నిజం, యుద్ధం నిజం, చోటు తప్పు. ఏది తప్పో అదొక్కటే కొట్టేయండి.

మరీ స్పష్టంగా ఉంది, ఇది పాతది కాదు. తడి పలక నెగటివ్‌లు విపరీతమైన వివరం పట్టేస్తాయి. అనుమానించాల్సింది స్పష్టతను కాదు, కదిలేవి కూడా స్పష్టంగా ఉండటాన్ని.

ఏఐతో బాగుచేసిన ప్రతి మీద పరిశీలన. ఆ ప్రతిలోని బొత్తాలు, కళ్లు యంత్రం ఊహించినవి. పక్కన పెట్టేయండి.

## 9. తీర్పు రాసే పద్ధతి

నాలుగు ప్రశ్నలకు నాలుగు జవాబులు, ఒక్కోదానికి మూడు మాటల్లో ఒకటి: "తేలింది", "బహుశా", "తేలలేదు". సికందర్ బాగ్ ఫోటోకు ఇలా వస్తుంది:

- రకం: ఒకే నెగటివ్ నుంచి వచ్చిన ఆల్బ్యుమెన్ ప్రింట్. తేలింది.
- కాలం, చోటు: 1858 మార్చి–ఏప్రిల్, లక్నో. తేలింది. ఘటన మాత్రం 1857 నవంబర్‌ది.
- తీసినది: ఫెలిస్ బియాటో. తేలింది.
- సర్దడం: అవశేషాలను బయటపెట్టించి తీసింది. బహుశా, ఆధారం ఒక అధికారి రాత.

ఫోటో పంపినవారికి జవాబుగా ఈ నాలుగు వరుసలతో పాటు పెద్ద ఫైలు లింకు, రికార్డు నంబరు కలిపి పంపండి. బొమ్మను మాత్రం మళ్లీ అతికించకండి. మీ జవాబు ఊడిపోయి బొమ్మ ఒక్కటే ముందుకు పోతుంది.